మీసం అలా ఊడదు

సంపాదకులు గారికి,

నమస్కారం. నాటక సమీక్షకుడి మీద మీ ఆదివారం అనుబంధంలో వస్తున్న హాస్య ధారావాహికను హన్మకొండలో లైట్లు కట్టేవాళ్లు, మేకప్ వేసేవాళ్లు, తెర లాగేవాళ్లు వారం తప్పకుండా చదువుతున్నారు. వాళ్లందరి తరఫున ఈ ఉత్తరం.

ముందు మంచి మాట. ఆ పెద్దమనిషి పాత్ర బాగా కుదిరింది. తెర లేవకముందే ఆవలిస్తాడు. ఏ నాటకాన్నయినా ‘రక్తి కట్టించారు’ అనే రెండు మాటల్లో తేల్చేస్తాడు. వరస చివరి కుర్చీ, నెత్తిన ఫ్యాను, పక్కన గుమ్మం ఈ మూడూ కుదిరితే తప్ప కూచోడు. ఇలాంటివాళ్లు ఊరికొకరు ఉంటారు, వాళ్లను చూసి నవ్వుకునే హక్కు నాటకాలాడేవాళ్లకు ఎటూ ఉంది. పేచీ పాత్రతో కాదు, ఆయన చుట్టూ జరిగే ప్రమాదాలతో. అవన్నీ సినిమా కామెడీ ట్రాకులోంచి దిగినట్టున్నాయి. స్టేజీ మీద ఏదీ ఉన్నట్టుండి పాడవదు. పాడయ్యేదానికి ముందే ఒక కారణం ఉంటుంది, అది అరగంటో గంటో తీసుకుని మెల్లగా బయటపడుతుంది. ముప్పయ్యేళ్లు ముందు వరసల్లో కూచున్నవాడికి ఆ కారణం మొదటి సీనులోనే కనపడుతుంది. ఆయన విసుగు అక్కడి నుంచి రావాలి. మీ రచయిత దాన్ని కీళ్లనొప్పుల్లోంచి, ఇంటావిడ దెప్పుళ్లలోంచి లాగుతున్నారు.

ఉదాహరణకు మూడో భాగంలోని మీసం. జమీందారు వేషగాడు తుమ్మగానే మీసం ఎగిరొచ్చి సమీక్షకుడి టీ గ్లాసులో పడిందన్నారు. మీసం అలా ఊడదు. దాన్ని అంటించేది స్పిరిట్ గమ్‌తో, అంటే చెట్టు జిగురును స్పిరిట్‌లో కరిగించి చేసిన బంకతో. పై పెదవి నున్నగా గీసి, చెమట తుడిచి, ఉత్త చర్మం మీద పలుచగా పూయాలి. ఒక నిమిషం ఆగాలి. వేలు ఆనిస్తే పట్టుకున్నట్టుండాలి గానీ తడి తగలకూడదు. అప్పుడు మీసం పెట్టి, తడిపి పిండిన గుడ్డతో అదిమి పట్టాలి. పాన్‌కేక్, అంటే ముఖానికి వేసే రంగు, ఆ తరవాతే, అదీ మీసం అంచు దాకానే.

తప్పు జరిగేది ఈ వరసలోనే. మేకప్ మనిషి ఒక్కడు, వేషాలు పది, అవతల మైకులో ‘మరి కొద్ది నిమిషాల్లో’ అని మూడుసార్లు చెప్పేశారు. దాంతో ముందు అందరి ముఖాలకూ బేస్ కొట్టేసి, మీసాలు ఆఖరున అంటిస్తాడు. జిడ్డు బేస్ మీద గమ్ పట్టదు. పట్టినట్టే ఉంటుంది, మొదటి పావుగంట. తరవాత వెయ్యివాట్ల లైట్ల కింద చెమట పట్టి, పెదవి మూలల దగ్గర ముందు ఒక కొస లేస్తుంది, మాట్లాడిన ప్రతిసారీ కదిలే చోటు అదే కాబట్టి. ప్రేక్షకుడికి ఇంకా తెలియదు, నటుడికి తెలిసిపోతుంది. ఆ క్షణం నుంచి జమీందారు చూపుడు వేలు పెదవి మీంచి దిగదు. రైతుల మీద కోపగించినా అదే భంగిమ, కూతురి పెళ్లి మాట్లాడినా అదే. నవ్వాల్సిన చోట నవ్వడు, ఎందుకంటే నవ్వితే రెండో కొస కూడా లేస్తుంది. ‘నిగ్రహం నిండిన ఆలోచనాపరుడిగా జమీందారు పాత్ర పోషించారు’ అని మర్నాడు సమీక్షకుడు రాయాలి. తాను ఎందుకలా రాస్తున్నాడో ఆయనకు తెలిసే రాయాలి. టీ గ్లాసు కన్నా ఇది నవ్వు పుట్టించదంటారా?

ఐదో భాగంలో కరెంటు సంగతి ఇంకా దారుణం. ఆయన కాలు వైరుకు తగులుకోగానే హాలు మొత్తం చీకటైపోయిందని రాశారు. నాటకాలకు కరెంటు మూడు ఫేజుల్లో తీసుకుంటారు. కొన్ని లైట్లు ఒక ఫేజు మీద, మరికొన్ని ఇంకోదాని మీద, మైకు సెట్టు మూడోదాని మీద. మైకును విడిగా ఉంచడానికి కారణముంది. లైటు పెంచి తగ్గించే డిమ్మరున్న ఫేజు మీదే ఆంప్లిఫయర్ పెడితే, లైటు సగానికి దించినప్పుడల్లా స్పీకర్లో గుయ్ మని మోత వస్తుంది. హీరో తల్లి చావుసీనుకు లైటు మెల్లగా దించుతారు కదా, సరిగ్గా అప్పుడు తేనెటీగల తుట్టె కదిలినట్టుంటుంది. వైరు ఒకటి ఊడితే దాని మీదున్న లైట్లే పోతాయి. స్టేజీ ఎడం పక్క చీకటి, కుడి పక్క వెలుగు. ఎడం పక్కనున్న పాత్రలు ఏదో ఒక వంక పెట్టుకుని ఒక్కొక్కరే కుడివైపు జరుగుతారు. భార్యతో మాటలు మానేసిన మొగుడు ఉన్నట్టుండి ఆమె పక్కకొచ్చి నిలబడతాడు. కథ మారిపోతుంది.

ఇక ఫ్యూజు విషయం. వెయ్యివాట్ల లైటు ఒకటి 230 వోల్టుల దగ్గర 4.3 ఆంపుల పైచిలుకు లాగుతుంది. 15 ఆంపుల సాకెట్టుకు మూడు పెడితే 13 ఆంపులు, ఫరవాలేదు. నాలుగోది పెడితే 17 దాటుతుంది. మీ కథాకాలంలో ఉన్నవి పింగాణీ ఫ్యూజులు. వాటిలోని తీగ కొద్దిపాటి ఎక్కువకు వెంటనే తెగదు, చాలాసేపు ఓర్చుకుంటుంది. ఈలోగా సాకెట్టు వేడెక్కి ప్లగ్గు కాలే వాసన మొదలవుతుంది. లైట్ల మనిషి తెర పక్కన మెట్ల మీద ఉంటాడు, వాసన ముందు తగిలేది వరస చివర గుమ్మం పక్కన కూచున్నవాడికే. అనుభవజ్ఞుడైన సమీక్షకుడు లేచి కుర్చీ మార్చుకుంటాడు, ఎవరికీ ఏమీ చెప్పడు. ఆయన లేవడం చూసి నాటకం నచ్చలేదేమోనని దర్శకుడు హడలిపోతాడు. కుర్చీ పట్టింపుకు ఇంత బలమైన కారణం ఉండగా రచయిత మోకాలి నొప్పి దగ్గర ఆగిపోయారు. (అంతకు ముందు తరంలో ఉప్పునీళ్ల జాడీల్లో రేకులు ముంచి, తీసి లైటు పెంచేవాళ్లు, తగ్గించేవాళ్లు. దాని పక్కన నిలబడే ధైర్యం మీదే ఒక భాగం రాయొచ్చు.)

వోల్టేజీ గురించి ఒక్క ముక్క. హాలోజన్ లైటుకు 230 బదులు 190 వోల్టులే అందితే వెలుతురు ఇంచుమించు సగమైపోతుంది, రంగు కూడా ఎర్రబడుతుంది. సాయంత్రం లోడు ఎక్కువున్న వేళ ఆడిన మొదటి నాటికలో ముఖాలు రాగిచెంబుల్లా ఉంటాయి. ఊరు పడుకున్నాక ఆడిన ఆఖరి నాటికలో అదే మేకప్ సున్నం కొట్టినట్టుంటుంది. ‘మొదటి నాటికలో కాంతి విషాదాన్ని పండించింది’ అని రాసే మనిషికి ఇది తెలుసా తెలియదా? నవలలో తేల్చాల్సింది అదీ.

కాలం విషయంలోనూ కొన్ని దిద్దుబాట్లు అవసరం. కథ 1995లో జరుగుతున్నట్టు మొదటి భాగంలోనే చెప్పారు. అలాంటప్పుడు సమీక్షకుడు కాళోజీ కళాక్షేత్రానికి ఎలా వెళ్తాడు? దానికి శంకుస్థాపన జరిగింది 2014 సెప్టెంబరు 9న, తలుపులు తెరుచుకున్నది 2024 నవంబరు 19న. 1995లో కాళోజీ గారే మన మధ్య ఉన్నారు, ఆయన పోయింది 2002 నవంబరులో. బతికుండగా తన పేర హాలు కడతామంటే ఆయన ఏమనేవారో ఇక్కడివాళ్లు ఊహించుకోగలరు. ఆ 1995లోనే నంది నాటకోత్సవంలో బహుమతి అన్నారు. ఆ ఉత్సవాలు మొదలైంది 1998లో. ‘జనగామ జిల్లా’ అనీ రాశారు. 2016 అక్టోబరు దాకా జనగామ వరంగల్ జిల్లాలోనే ఉంది. అన్నిటికన్నా, ఏడుపు సీనులో సమీక్షకుడి జేబులో సెల్‌ఫోను మోగడం. దేశంలో మొట్టమొదటి సెల్‌ఫోను కాల్ 1995 జులై 31నే కలకత్తా నుంచి ఢిల్లీకి వెళ్లింది. హన్మకొండలో ఒక నాటక సమీక్షకుడి జేబులోకి అది అంత త్వరగా ఎలా వస్తుంది? ఆ రోజుల్లో హాల్లో మోగేవి డిజిటల్ వాచీలు. గంట గంటకూ రెండుసార్లు కీక్ కీక్ మనేవి. ఏ రెండు వాచీల టైమూ ఒకటి కాదు. తొమ్మిది కొట్టే వేళకు అటూ ఇటూ ఐదు నిమిషాల పాటు ఒక్కో వరసలోంచి ఒక్కోటి అరిచేది. దర్శకుడు పెట్టుకున్న నిశ్శబ్దం పది సెకన్లదైతే అందులో రెండైనా పడేవి. సెల్‌ఫోను తీసేసి ఈ వాచీలు పెట్టండి, కథాకాలం కూడా దక్కుతుంది.

మైకు సీను విషయానికొస్తే, హీరోయిన్ స్టాండు పట్టుకుని డైలాగు చెప్పడం కచేరీలో కుదురుతుంది, నాటికలో కాదు. నాటికకు మైకులు పైనుంచి వేలాడదీస్తారు, సుమారు ఎనిమిది అడుగుల ఎత్తున, వరసగా మూడో నాలుగో. ముందు అంచున నేల మీద పెడితే మాటల కన్నా బల్లల మీద అడుగుల చప్పుడు ముందు వినపడుతుంది. దొంగ నక్కుతూ వచ్చే సీనులో ఎద్దులబండి వచ్చినట్టుంటుంది. వేలాడే మైకుకు మనిషి మూడడుగుల దూరం నుంచి ఆరడుగులకు జరిగితే అందే శబ్దం ఆరు డెసిబెళ్లు పడిపోతుంది. అందుకే అలవాటున్న నటులు ఎంత ఆవేశంలో ఉన్నా మైకు కిందికే వచ్చి ఆగుతారు. కొడుకు శవం స్టేజీకి ఆ మూల ఉంటే తల్లి ఈ మూల మైకు కింద నిలబడి ఏడుస్తుంది.

నిర్వాహకులు ఇక్కడొక పొరపాటు చేస్తారు. వెనక వరసవాళ్లు వినపడట్లేదని అరవగానే ఇంకో రెండు మైకులు తెచ్చి కడతారు. తెరిచిన మైకులు రెట్టింపైతే, కూత (స్పీకర్ శబ్దం మళ్లీ మైకులోకి దూరి వచ్చే మోత) రాకుండా పెంచుకోగల శబ్దం మూడు డెసిబెళ్లు తగ్గుతుంది. అంటే మైకులు పెరిగినకొద్దీ కూత తొందరగా వస్తుంది, వాల్యూము ఇంకా దించాల్సి వస్తుంది, వెనకవాళ్లు ఇంకా గట్టిగా అరుస్తారు. నాలుగు మైకుల్లో మూడు మూసి, మాట్లాడేవాడి మీదున్న దాన్ని మాత్రం తెరవడమే దీనికి మందు. దానికి మైకు మనిషి దగ్గర స్క్రిప్టు ఉండాలి, దాన్ని ఆయన ఒక్కసారైనా చదివి ఉండాలి. అది జరిగిన పని కాదు. మైకులు ఎన్ని కట్టారో లెక్కపెట్టుకుని, ఈ రాత్రి ఎన్ని కూతలు వస్తాయో పక్కవాడితో పందెం వేసే సమీక్షకుడిని రాయండి.

పద్యనాటకం భాగంలో కృష్ణుడు మధ్యలో మారిపోతే సమీక్షకుడు కంగారుపడ్డాడన్నారు. పేరున్న నటులను కుదుర్చుకుని ఆడించే కాంట్రాక్టు నాటకాల్లో ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు ఉంటారని పోస్టరు మీదే వేస్తారు. పడకసీను ఒకరిది, రాయబారం ఇంకొకరిది. ఆయన కంగారుపడడు. మొదటాయన వన్స్‌మోర్లు రెండోవాడి కన్నా ఎక్కువయ్యాయంటే ఇవాళ తెల్లారినట్టేనని లెక్క వేసుకుని ఫ్లాస్కు మూత తీస్తాడు. దీని మీద ఇంకేం అభ్యంతరం లేదు.

కానీ ఏడో భాగం, చిందు భాగవతం (ఊళ్లలో రాత్రంతా ఆడే యక్షగానం) చూడటానికి జనగామ వైపు ఒక ఊరికి వెళ్లడం, నిజంగా బాధ కలిగించింది. అక్కడి కళాకారులను తాగి తూలేవాళ్లుగా చూపించి నవ్వించాలని చూశారు. ఆ నవ్వు చవకది. పైగా ఆటే తెలియకుండా రాశారు. సమీక్షకుడు కుర్చీ వేయించుకుని ‘తెర ఎప్పుడు లేస్తుంది’ అని అడిగితే ఊరివాళ్లు తెల్లమొహం వేశారట. ఎందుకు వేస్తారు? చిందులో తెర ఉంది. ఇద్దరు మనుషులు చెరో కొసా పట్టుకుని నిలబడే గుడ్డ అది. పాత్ర దాని వెనక గజ్జె కదుపుతూ, కిరీటం కొన మాత్రం పైకి కనిపిస్తుండగా, తానెవరో చెప్పుకుంటుంది, మద్దెల, తాళాలు ఊపందుకుంటాయి, అప్పుడు గుడ్డ పక్కకు పోతుంది. మన పట్నపు స్టేజీ మీద తెర ఒక్కసారి లేస్తుంది. అక్కడ ముఖ్యపాత్ర వచ్చిన ప్రతిసారీ లేస్తుంది. సమీక్షకుడికి ఆ రాత్రి ఆవలింత రాకపోవడానికి ఇదొక్కటి చాలు. జనం మూడు పక్కలా కూచుంటారు, అందువల్ల ‘ముందు వరస చివరి కుర్చీ’ అనేదే అక్కడ లేదు. ముప్పయ్యేళ్ల అలవాటు ఒక్క రాత్రిలో పనికిరాకుండా పోతుంది. చేతిలో ఇంత హాస్యం పెట్టుకుని కల్లు కుండ దగ్గరికి పోవడం దేనికి?

ఆడవేషాలన్నీ మగవాళ్లే వేస్తారని కూడా అదే భాగంలో ఉంది. ఈ ఆటలో పేరుమోసిన నటి చిందుల ఎల్లమ్మ పేరు విన్నవాళ్లు ఆ మాట రాయరు. ముఖానికి అర్దళం అనే పసుపుపచ్చ రంగు పట్టించి, తేలిక చెక్కతో చేసిన కిరీటం, భుజకీర్తులు కట్టుకోవడానికే గంటలు పడుతుంది. రాత్రి భోజనాలయ్యాక మొదలైన ఆట తెల్లారేదాకా నడుస్తుంది. ఆ బరువుతో రాత్రంతా అడుగు తప్పకుండా ఆడేవాడు తూలే మనిషి కాదు. జనగామ ప్రాంతపు గడ్డం సమ్మయ్య గారికి 2024లో ఈ కళకే పద్మశ్రీ ఇచ్చారు. రచయిత ఆ గౌరవాన్ని చూసి సర్దుకోనక్కర్లేదు, ఒక్క ఆట పూర్తిగా చూసి రాస్తే చాలు. నవల పుస్తకంగా వచ్చేటప్పుడు ఈ భాగాన్ని తిరగరాయమని మనవి.

ఇక అసలు సంగతి, ఆయన రాసే సమీక్ష. రాత్రి చూసిన నాటకం తెల్లారేసరికి పేపర్లో ఉన్నట్టు ప్రతి భాగంలోనూ రాస్తున్నారు. పత్రికవారు మీరే చూసి దాన్ని ఎలా వదిలేశారో తెలియదు. పరిషత్తులో, అంటే నాటక పోటీల్లో, రాత్రికి మూడు నాలుగు నాటికలుంటాయి. ఆరున్నరకని కరపత్రంలో వేసింది జ్యోతి వెలిగించేసరికే ఏడున్నర దాటుతుంది. నాటికకు గంట, మధ్యలో సెట్టు మార్చడానికి పావుగంట నుంచి ఇరవై నిమిషాలు. మూడోది ముగిసేసరికి పదకొండున్నర. జిల్లా పేజీలు అప్పటికి మూసేసి ఉంటాయి. 1995లో ఇంకా కష్టం. చేత్తో రాసిన కాగితాలు కవర్లో పెట్టి బస్సులో పంపడం, ఫొటో ఉంటే ఫిల్ము రోలు కూడా అందులోనే. సమీక్ష అచ్చయ్యేది మూడో రోజు. అప్పటికి ఆ నాటక సమాజం ఇంకో ఊరి పరిషత్తులో సెట్టు దించుతూ ఉంటుంది. సమీక్ష చదివి టికెట్టు కొనుక్కుని వచ్చే ప్రేక్షకుడు ఉండడు.

అలాంటప్పుడు ఆ సమీక్ష ఎవరి కోసం? కటింగు కోసం. సమాజం దాన్ని కత్తిరించి ఫైల్లో అంటించుకుంటుంది, జిరాక్సు తీసి తరవాతి పరిషత్తు దరఖాస్తుకు జత చేస్తుంది. అందులో ‘మీసం జిడ్డు మీద అంటించారు’ అని ఉంటే ఆ కాగితం పనికిరాదు. సమీక్షకుడికి ఇది బాగా తెలుసు. ‘రక్తి కట్టించారు’ అని రాయడం సోమరితనం కాదు, ఒకరకమైన దయ. పైగా ఆయనకిచ్చేది సింగిల్ కాలమ్, నూట ఇరవై మాటలు. అందులో ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, సభాధ్యక్షుడు, దాతల పేర్లు పోను నాటికకు మిగిలేది ముప్పయ్యో నలభయ్యో. ఇన్ని కారణాలు తెలిసిన మనిషి వాటిలో ఒక్కటీ రాయలేక అవే రెండు మాటలు వందోసారి రాస్తాడు. నవలకు నడుమ ఉండాల్సింది ఈ ఇరకాటం. ఒక్క భాగంలో ఆయన చేత అసలైన వాక్యం రాయించి చూడండి: ‘రెండో సీనులో తల్లి కళ్లు కనపడలేదు, లైటు సరిగ్గా నెత్తి మీద కట్టారు, ముందు నుంచి 45 డిగ్రీల వాలులో రెండు పక్కలా కట్టి ఉంటే కంటిగుంటల్లో నీడ పడేది కాదు.’ ఇందులో పొగడ్త లేదు, తిట్టూ లేదు. ఆ సమాజం ఫైల్లో పెట్టుకోదు గానీ వచ్చే ప్రదర్శనకు లైటు మారుస్తుంది. ఈ వాక్యం అచ్చులో పడాలంటే ఏ దాత పేరు ఎగరగొట్టాలి? ఆ పేచీ మీ ఆఫీసులో ఎలా నడుస్తుందో మీకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు, రచయితకు కాస్త చెప్పండి.

వచ్చే నెల భాగాల్లో పరిషత్తు బహుమతి ప్రదానం ఉందని ప్రకటించారు కాబట్టి ముందే కొన్ని సంగతులు. న్యాయనిర్ణేతలు ముగ్గురు ఉంటారు, మొదటి వరస ముందు చిన్న బల్ల, గుడ్డ కప్పిన దీపం. అది వాళ్ల కాగితం మీదే పడాలి. నటుల కళ్లలోకి కొడితే గొడవ అవుతుంది. ఫలితాలు చివరి రాత్రి, ఆఖరి నాటిక అయ్యాక, ప్రసంగాలయ్యాక చెబుతారు. చదివేది కింది నుంచి పైకి: బాలనటులు, మేకప్, రంగాలంకరణ, అలా ఎక్కుతూ ఉత్తమ ప్రదర్శన ఆఖరున. ముందే చెబితే హాల్లో దాతలు తప్ప ఎవరూ మిగలరు. ఈలోగా బయట సెట్టు ఎక్కించిన డీసీఎం వ్యాను డ్రైవరు వెయిటింగు గంటలు లెక్కపెడుతుంటాడు, ప్రతి సమాజం నుంచీ ఒకరు బయటికీ లోపలికీ తిరుగుతుంటారు. షీల్డు మీద గెలిచినవాడి పేరు తప్పు పడిందనే జోకు మాత్రం దయచేసి వద్దు. షీల్డులు ముందే చేయిస్తారు, వాటి మీద మనిషి పేరుండదు, విభాగం పేరే ఉంటుంది. జరిగేదేమిటంటే, రాత్రి ఒంటిగంటకు అట్టపెట్టెలోంచి చేతికందింది తీసి ఇస్తారు. ఉత్తమ నటి చేతికి ఉత్తమ ప్రతినాయకుడి షీల్డు వస్తుంది, ఫొటో అలాగే తీస్తారు, మూడో రోజు మీ పేపర్లో అలాగే పడుతుంది.

ఇట్లు,
కొందరు రంగస్థల సాంకేతికులు,
హన్మకొండ